కాళ్ళకి సెలవు

మా క్లాసులో చేరడానికి వచ్చిన ఏ పిల్లనైనా నేను మొదట అడిగేది బరువు కాదు, ఎత్తు కాదు, ఇంతకు ముందు కరాటే గిరాటే ఏమైనా నేర్చుకున్నావా అని కూడా కాదు. "ఇంట్లో నువ్వేం మోస్తావమ్మా?" అని అడుగుతాను. పిల్లలు తెల్లమొహం వేస్తారు. కాస్త ఆలోచించి ఒకతి నీళ్ళ బిందె అంటుంది, ఒకతి చెల్లెలు అంటుంది, ఇంకొకతి "ఏమీ మొయ్యను మేడమ్, మాకు లిఫ్టుంది" అంటుంది. అన్నీ విని, వాళ్ళ కాళ్ళకి ఎప్పుడు పని పెట్టాలో ఎప్పుడు మానాలో అప్పుడు తేల్చుకుంటాను. ఈ ప్రశ్న ఏ కోచింగ్ సర్టిఫికెట్టు వాళ్ళూ నేర్పరు. నాకు మా సముద్రం ఒడ్డు నేర్పింది, అది కూడా కొంచెం ఆలస్యంగా.

పోయిన వారం పుష్ప అనే పిల్ల తల్లి మా మెట్లెక్కి వచ్చింది. బరంపురం గోసాని నువాగాంలో ఒక పాత బియ్యం గోదాం మేడ మీద మా క్లాసు. ఆ మెట్లెక్కేసరికి ఎంతటి కోపమైనా సగం చల్లారుతుందని నా నమ్మకం. ఆవిడది చల్లారలేదు.

"అమ్మా, మీరు దాని కాళ్ళకి సెలవిచ్చినారంట. బుధారం, ఆదివారం బిందెడు నీళ్ళు మోసుకురమ్మంటే రాదు. మోటారు సెడిపోనాది, మాది మూడో అంతస్తు. మరి టీవీ కాడికెల్లడానికి మాత్రం ఆ కాళ్ళు ఎలాగొస్తన్నాయో మీరే అడగండి!"

పుష్ప తల్లి వెనకాల నిలబడి నేలచూపులు చూస్తోంది. నేను మొహం గంభీరంగా పెట్టుకొని, నీళ్ళు మోసిన రోజున ఇక్కడ బస్కీలు తగ్గిస్తాననీ, సెలవు రోజున మాత్రం బిందె వాళ్ళ నాన్నకో అన్నకో అప్పగించమనీ చెప్పాను. "ఆళ్ళు మోస్తారేటి?" అనేసి ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు ఆ మాటతో పోయింది. ఆ సాయంత్రమంతా మా ఊరూ, మా నాన్నా కళ్ళ ముందు మెదులుతూనే ఉన్నారు.

మా ఊరు ఛత్రపూర్ దాటి సముద్రం వైపు తిరిగితే వస్తుంది. తాతల నాడే శ్రీకాకుళం వైపు నించి వలలు వేసుకుంటూ వచ్చి అక్కడ స్థిరపడిపోయిన తెలుగు జాలర్లం మేము. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపం వస్తే రెండూ. ఇంటికీ తారు రోడ్డుకీ మధ్య అంతా ఇసుక, ఇసుక చివర సరుగుడు తోట, తోట గట్టు పొడుగునా మొగలి పొదలు. మొగలి పూసే కాలంలో దారంతా అత్తరు వాసన వేసేది, మా గంపల్లోంచి చేపల వాసన వచ్చేది, రెండూ కలిసి మూడో వాసన ఒకటి పుట్టేది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరైనా మొగలి అత్తరు పూసుకొని వచ్చి పక్కన కూర్చుంటే నాకు కానాగంత చేపలు గుర్తొస్తాయి. ఆ సంగతి వాళ్ళకి చెప్పను.

మా ఇల్లు తెల్లారకముందే లేచేది. అందరికన్నా ముందు లేచి అరుగెక్కేది మామ్మ, నాన్న వాళ్ళమ్మ. లేస్తూనే అడ్డచుట్ట వెలిగించేది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చడం మా వైపు ముసలమ్మల అలవాటు. ఆ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే మామ్మ తిట్టగలదు, దీవించగలదు, చేపల బేరం ఆడగలదు. అమ్మ తరవాణి కుండలోంచి తలా గిన్నెడు అన్నం తీసి, ఉప్పు వేసి, పచ్చిమిరపకాయ గిల్లి ఇచ్చేది. నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళు. అది తిన్నాక గంప పని. పడవలోంచి ఒడ్డు దాకా చేపల్ని తెచ్చేది మగవాళ్ళు, భుజాన కావడి వేసుకొని తెస్తారు. ఒడ్డున పడ్డాక మాత్రం చేప ఆడవాళ్ళది. గంపకెత్తి, నెత్తిన పెట్టుకొని, ఇసుక దాటించి, రోడ్డు మీద ఆటో ఎక్కించి, బరంపురం బడా బజార్ వెనక వీధుల్లో వాడుక ఇళ్ళకి తిరిగి అమ్ముకొచ్చేదాకా ఏ మగవాడూ ఆ గంప నెత్తికెత్తుకోడు. ఎత్తుకుంటే ఊరు నవ్వుతుంది. ఎందుకు నవ్వాలని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నా డిగ్రీ చదువు మధ్యలో అమ్మ మోకాళ్ళు మొరాయించాయి. వాచేవి, కూర్చుంటే లేవనిచ్చేవి కావు. వాతం అన్నారు కొందరు, తడిగాలి అన్నారు కొందరు. వంకాయ వల్లేనని మామ్మ తేల్చేసింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో వంకాయ వండలేదు, మోకాళ్ళు మాత్రం తగ్గలేదు. పట్నం వీధుల్లో మెల్లగా ఆగి ఆగి తిరగడం అమ్మ ఎలాగో నెట్టుకొచ్చేది గానీ ఇసుకలో గంప మొయ్యడం ఆవిడ వల్ల కాలేదు. అన్నయ్య అప్పటికే కేరళ పడవల మీద పనికి వెళ్ళిపోయాడు. గంప నా నెత్తికెక్కింది. నాకది పెద్ద బాధ అనిపించలేదు. పొద్దున్నే రోడ్డు దాకా మోసుకెళ్ళి, అమ్మతో అదే ఆటోలో బరంపురం చేరి, అమ్మ వీధుల్లోకీ నేను కాలేజీకీ విడిపోయేవాళ్ళం. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిలకి ముక్కులు గట్టివి, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

పోలీసు కానిస్టేబుల్ పరీక్షకి పరుగు నేర్చుకుందామని ఒక స్నేహితురాలు నన్ను పాత్రో సార్ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన బయటి రాష్ట్రాల్లో పోటీలు ఆడి వచ్చిన మనిషి. గోసాని నువాగాంలో ఒక కల్యాణ మండపం వెనక రేకుల షెడ్డులో పాత పరుపులు పరిచి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పేవారు. గుద్దడం, తన్నడం, పట్టి పడెయ్యడం, పడేశాక కింద బిగించి పట్టడం, అన్నీ కలిసిన ఆట అది. అప్పట్లో ఆ పేరు చెబితే బరంపురంలో ఏదో టానిక్కు అనుకొనేవారు. సార్ నన్ను సరదాకి ఒక కుర్రాడితో పట్టుకి దింపారు. అతను నా కాళ్ళు పట్టుకొని లాగాడు, కుదిపాడు, ఊపాడు, చివరికి తనే అలిసిపోయి చతికిలబడ్డాడు. సార్ దగ్గరికొచ్చి నా పిక్కలకేసి చూసి, "ఝియ, ఈ కాళ్ళు ఎక్కణ్ణించి తెచ్చావు?" అన్నారు. ఒడియాలో అమ్మాయిని అలా పిలుస్తారు. "మా ఊరివే సార్" అన్నాను. పోలీసు ఉద్యోగం కథ ఆ రోజుతో సరి.

సార్ దగ్గర దేనికైనా ఒక పద్ధతి ఉండేది. సోమ, గురువారాలు భుజాల మీద బరువు పెట్టుకొని బస్కీలు, అంటే కాళ్ళకి బలం పని. మంగళ, శనివారాలు అసలు ఆట, తన్నులూ పట్లూ. బుధ, ఆదివారాలు కాళ్ళకి పూర్తిగా సెలవు. బస్కీలు తీస్తే కాళ్ళు అలుస్తాయి, తర్వాత వాటిని ఊరుకోనిస్తేనే బలం వస్తుంది, అలిసిన కాళ్ళతో తన్ను లేవదు అని మాకు పదే పదే చెప్పేవారు. నేను ఈ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. మామ్మ చుట్ట పొగ ముక్కులోంచి వదిలి, "కాళ్ళకి సెలవేటే? ఆటికేటి, సర్కారు ఉద్యోగమా?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు.

ఆ తర్వాత భువనేశ్వర్‌లో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ పడింది. గెలిస్తే జట్టులో చోటు, బయట శిబిరంలో శిక్షణ. సార్ నా పేరు ఇచ్చారు. ఇంట్లో చెప్పేసరికి నాన్న అరుగు మీద కూర్చొని చిరిగిన వల కుడుతున్నాడు. మా నాన్న మాటల పొదుపరి, సముద్రం మీద అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి గొంతు మిగలదని అమ్మ వెక్కిరించేది. ఆ రోజు మాత్రం చాలానే మాట్లాడాడు.

"సూడు రత్నం. సదువయిపోనాది. మీ యమ్మ మోకాళ్ళు సూస్తన్నావు. ఈ పోటీ ఒక్కటీ ఆడు. గెలిస్తే నీ దారి నీది, నానడ్డు రాను. ఓడిపోతే ఆ ఆట ఒగ్గీసి గంపట్టుకో. అమ్మతోటి బజారంతా తిరుగు."

"అలాగే నానా" అన్నాను. ఆయన అడిగిందాంట్లో అన్యాయం ఏమీ లేదు. అమ్మ ఒక్కతే వీధులు తిరుగుతోంది, రేపో మాపో అదీ తిరగలేదు. కానీ నాకు ఆ షెడ్డు కావాలి, ఆ చెమట వాసన పరుపులు కావాలి, నన్ను ఎవరూ కదల్చలేని ఆ క్షణం కావాలి. అప్పటిదాకా నా బతుకులో నాదంటూ నేను కోరుకున్నది అదొక్కటే. మాటిచ్చేశాను కాబట్టి ఇక గెలవాలి.

సరిగ్గా అప్పుడే కాళ్ళు మొండికేశాయి. నడుం దాకా లేవాల్సిన తన్ను తొడ దగ్గరే ఆగిపోతోంది. మొదటి రోజు నన్ను కదల్చలేక కూలబడ్డ కుర్రాడే ఇప్పుడు బియ్యం మూటని ఎత్తినట్టు ఎత్తి పడేస్తున్నాడు, పైగా "దెబ్బ తగిలిందా అక్కా" అని జాలి పడుతున్నాడు. సార్ నన్ను పక్కకి పిలిచారు.

"ఆదివారం కాళ్ళతో ఏం చేశావు?"

"ఏటీ సెయ్యలేదు సార్."

"బుధవారం?"

"సెలవు కదా సార్. పరిగెట్టలేదు, బస్కీలు తియ్యలేదు."

ఒట్టు, నిజమే చెప్పాను. సార్ నా తిండి గురించి అడిగారు, రక్తం పరీక్ష చేయించారు, నిద్ర సరిపోతోందా అన్నారు. చివరికి గొంతు తగ్గించి, ఎవడైనా కుర్రాడున్నాడా, ఫోన్లో కబుర్లు చెబుతున్నావా అని అడిగారు. మా ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఫోనూ మామ్మ దిండు కింద ఉంటుందని చెప్పాను. దాంతో ఆ అనుమానం పోయింది. కాళ్ళలో బలం చాలట్లేదేమోనని శుక్రవారం కూడా బస్కీలు పెట్టారు. ఆ వారం నేను షెడ్డు గుమ్మం ఎక్కడానికి తలుపు పట్టుకోవాల్సొచ్చింది. ఇంటికెళ్ళే ఆటోలో, పక్కనున్నవాళ్ళకి కనబడకుండా మొహం బయటకి తిప్పుకొని ఏడ్చేదాన్ని. పోటీ దగ్గరికొస్తోంది, కాళ్ళు దూరమైపోతున్నాయి.

ఒక ఆదివారం పొద్దున్నే సార్ మా ఊరొచ్చారు, నా కోసం కాదు, చేపల కోసం. ఆయన అత్తవారిల్లు ఛత్రపూర్. మామగారికి పడవ మీంచి దిగిన చేపే కావాలట. మోటారు సైకిలు ఇసుకలో దిగబడితే సరుగుడు తోట దగ్గర వదిలేసి, ఒక చేతిలో సంచి, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకొని ఒడ్డుకొచ్చారు. అక్కడ మా వాళ్ళంతా ఉన్నారు. నాన్న తడి వల దులుపుతున్నాడు, అమ్మ కూర్చొని చేపలు వేరుచేస్తోంది, మామ్మ పెత్తనం చేస్తోంది. అప్పుడే ఇద్దరు ఆడవాళ్ళు పట్టి గంపని నా నెత్తికెత్తారు. సార్‌ని చూసి నమస్కారం పెట్టడానికి చేతులు ఖాళీ లేక, "గుడ్ మార్నింగ్ సార్" అన్నాను.

"ఇదేంటి?" అన్నారాయన.

"కానాగంతలు సార్. మంచివి. తియ్యమంటారా?"

"చేప కాదు. ఇది... రోజూ మోస్తావా? ఈ ఇసుకలో?"

"సముద్రం మీద ఏట లేని రోజు తప్ప రోజూనే సార్."

"ఈ రోజు నీ కాళ్ళకి సెలవు కదా!"

"అవును సార్. అందుకే బస్కీలు తియ్యలేదు."

సార్ నా నెత్తి మీది గంపకేసీ, ఇసుకలో దిగిన నా కాళ్ళకేసీ మార్చి మార్చి చూశారు. ఆ చూపు మామ్మకి నచ్చలేదు. పట్నం పెద్దమనిషికి పాపం తెలీదనుకొని నిదానంగా విడమరిచి చెప్పింది. "బాబూ, మోత నెత్తి మీదన్నాది. కాళ్ళకేటి పని? ఆటి దారిన అవి నడస్తన్నాయి." చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ తలలూపారు. గంప బరువుతో తల ఊపలేక నేను కళ్ళతో ఊపాను. నిజంగానే మా ఊళ్ళో అది నెత్తి పని. గంప దించాక మెడకి నూనె రాసుకుంటారు, కాళ్ళకి రాసుకోరు. మెడ పట్టేస్తే మోత ఎక్కువైందంటారు, మోకాలు పట్టేస్తే వాతం అంటారు. అందుకే కాళ్ళతో ఏం చేశావని సార్ అడిగిన ప్రతిసారీ నేను మనసంతా వెతుక్కొని ఏమీ చెయ్యలేదనే చెప్పాను.

సార్ గంప దింపించి తన నెత్తికెత్తమన్నారు. ఎత్తారు. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళు ఇసుకలో పాతుకుపోయి, ఆయన మోకాళ్ళు రెండూ రెండు దిక్కులకి పోయాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. గంప దించాక సార్ కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ, అమ్మ లేవబోవడం చూశారు. అమ్మ చెయ్యి నేల మీద ఆనించి లేవబోయి, లేవలేక కూలబడి, మళ్ళీ ప్రయత్నించి లేచింది. సార్ మొహంలో నవ్వు పోయింది.

"ఈ అమ్మ ఎంతకాలం మోసింది?"

"పెల్లయి ఒచ్చిన కాణ్ణించీ" అంది మామ్మ.

"మరి ఆ మోకాళ్ళు ఎందుకు పోయాయనుకుంటున్నారు?"

వంకాయ అని మామ్మ కూడా అనలేదు. నాన్న వల దులపడం ఆపి అమ్మ కాళ్ళకేసి చూశాడు. అమ్మకి సిగ్గేసినట్టుంది, చీర కిందకి లాక్కొని పాదాలు కప్పుకొంది. సార్ తన మాట తనకే ఎక్కువైందనుకున్నారో ఏమో, చేపల సంగతి ఎత్తారు. వెళ్ళే ముందు నాతో చెప్పిందొక్కటే. ఇక బస్కీలు పూర్తిగా బంద్, గంపే నా బస్కీ. తన్నులూ పట్లూ ఉన్న రోజుల్లో గంప వద్దు, సెలవు రోజుల్లో అసలే వద్దు. పోటీకి ముందు రెండు వారాలు నెత్తి మీద గాలి తప్ప ఏమీ ఉండకూడదు. "ఇదివరకు నీకు సెలవనేదే లేదు ఝియ. అదే జబ్బు" అన్నారు.

చెప్పడం బాగానే ఉంది, మరి ఆ రోజుల్లో గంప ఎవరు మొయ్యాలి? ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి ఎవరి గంప వాళ్ళకుంది. ఆ పూట అన్నాల దగ్గర నాన్న, కావడి వేసుకొని తనే రోడ్డు దాకా దింపుతానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "కావడి ఊగుతాది. పడవ కాణ్ణించి ఒడ్డుకంటే నాలుగడుగులు. రోడ్డు దాకా ఊగితే కవళ్ళ సేపలు పొట్టలు పగిలిపోతాయి. ఎవులు కొంటారు?" అంది. అది నిజం. నెత్తి మీద గంప కదలదు, చేప నలగదు, అందుకే అమ్మ చేపకి బడా బజార్ వెనక అంత పేరు. నాకు ఆశ అడుగంటింది. పోనీలే, నేనే మోస్తానన్నాను. నాన్న చెయ్యి కడుక్కొని లేచాడు.

"ఆ సుట్టకుదురు ఇలాగియ్యి" అన్నాడు, గంప కింద తల మీద పెట్టుకొనే గుడ్డ చుట్టని చూపిస్తూ.

"ఓలమ్మా! ఊరు నవ్వుతాది" అంది అమ్మ.

"నవ్వనీ."

నవ్వింది. ఊరంతా కడుపారా నవ్వింది. నాన్న ఒక చేత్తో గంపా, ఒక చేత్తో జారిపోతున్న లుంగీ పట్టుకొని, చేపల నీళ్ళు మీసాల మీంచి కారుతుంటే, మీద కాకులు తిరుగుతుంటే, ఇసుకలో పడవలా అటూ ఇటూ ఊగుతూ వెళ్ళాడు. వరసైన ఆడవాళ్ళు ఊరుకుంటారా? "మావా, సీర కట్టుకోడం మర్సిపోనావేటి?" అంది ఒకామె. "బావా, మా గంప కూడా నీ నెత్తినెట్టీమంతావా?" అంది ఇంకొకామె. మామ్మ అరుగు మీంచే కొడుక్కి పాఠం చెప్పింది. "మెడ నిలబెట్టరా. కిందకి సూడకు. అలాగ్గా ఊగుతావేటి, తాగినోడిలాగ!" పడవ నీడన పేకాడుకొనే ఆయన స్నేహితులు మర్నాటికల్లా ఆయనకి గంపమ్మ అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. నాన్న పేకాటకి వెళ్ళడం మానేశాడు, గంప మాత్రం మానలేదు.

మొదటి రోజు సాయంత్రం నాన్న అరుగు మీద కాళ్ళు చాపుకొని నూనె రాసుకుంటున్నాడు. "మెడ నొప్పా?" అని అడిగింది అమ్మ. "మెడ కాదే. పిక్కలు" అన్నాడు. కాసేపు రాసుకున్నాడు. "ఇది కాళ్ళ పనే. ఇన్నాళ్ళూ నువ్వు సెప్పలేదేటి?" అన్నాడు. "నువ్వడగలేదు" అంది అమ్మ. నాన్న నూనె గిన్నె పట్టుకొని జరిగి అమ్మ పక్కన కూర్చొని, ఆవిడ మోకాలు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. వెలుగుండగానే నలుగురూ తిరిగే అరుగు మీద అలాంటిది మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. నేను నీళ్ళు తోడే వంకతో పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నా కాళ్ళు నాకు తిరిగొచ్చాయి. ముందు బరువు తగ్గినట్టయింది, తర్వాత తన్ను తొడ దాటి నడుం దాకా, నడుం దాటి పక్కటెముకల దాకా లేచింది. జాలిపడ్డ కుర్రాణ్ణి జాగ్రత్తగా ఎత్తి పడేసి, "దెబ్బ తగిలిందా తమ్ముడూ" అని నేనూ జాలిపడ్డాను. ఇప్పటి పిల్లలకి ఇవన్నీ చేతిలోనే ఉన్నాయి. ఎన్ని బస్కీలు తియ్యాలో, ఎన్ని గంటలు పడుకోవాలో ఫోన్ చెబుతుంది, చేతి గడియారం గుండె చప్పుడు లెక్కపెడుతుంది, డబ్బాలో పొడి కలుపుకొని తాగుతారు. నేను తప్పు పట్టను, నా దగ్గరా ఒక డబ్బా ఉంది. మా ఊళ్ళోకి సిమెంటు రోడ్డు పడింది, ఆటో ఒడ్డు దాకా వస్తోంది, చేపలు ఐసు పెట్టెల్లో కూర్చొని వెళ్తున్నాయి. మొగలి పొదలు కొన్ని పోయాయి. మా రోజులే బాగుండేవి అని నేనెప్పుడూ అనను, అమ్మ మోకాళ్ళు గుర్తొస్తాయి. కానీ ఒకటి మాత్రం మారలేదు. పుష్ప సెలవు తీసుకుంటే ఆ బిందె ఎవరు మొయ్యాలన్నది ఏ ఫోనూ చెప్పదు.

భువనేశ్వర్‌లో నా మీదకి వచ్చిన అమ్మాయి సుందర్‌గఢ్ వైపు పిల్ల, అంతకు ముందు కుస్తీ చేసింది. నా కాళ్ళు పట్టడానికి ఎన్నిసార్లు దూకిందో. నేను కదల్లేదు. నా తన్నులు ఆమె పక్కటెముకల మీద టపటపా పడ్డాయి. అంతా బాగానే ఉంది గానీ, ఆమె ఎడం చెయ్యి మాత్రం మొదటి నించీ చివరిదాకా తిన్నగా వచ్చి నా ముక్కు మీదే వాలింది. ఒకసారి వాలింది, సరే. మళ్ళీ మళ్ళీ వాలుతూనే ఉంది. చివరికి నిర్ణేతలు ఆమె చెయ్యి ఎత్తారు. రైల్లో సార్ నా ముక్కుకి కొత్త దూది పెట్టారు. తర్వాత నిట్టూర్చి, "కాళ్ళ గొడవలో పడి చేతుల సంగతి మర్చిపోయాం ఝియ" అన్నారు. ముక్కులో దూదితో నవ్వాను, నవ్వుతూనే ఏడ్చేశాను. కిటికీ పక్కన చిలికా సరస్సు వచ్చింది, పోయింది, నేను తలెత్తి చూడలేదు. ఇచ్చిన మాట గుర్తుంది.

ఇంటికి చేరాను. నా ముక్కే అంతా చెప్పేసింది. మామ్మ దాన్ని వేలితో తడిమి, ఆ పిల్ల చెయ్యి విరగ అని తిట్టింది. అమ్మ పీతల కూర వడ్డించింది. నాన్న గుమ్మంలో నిలబడి, "కాళ్ళెలాగున్నాయి?" అన్నాడు. బాగున్నాయన్నాను. తలూపి పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆట బట్టలు మడిచి పెట్టె అడుగున పెట్టేసి, గంపకెళ్ళేటప్పుడు కట్టుకొనే పాత బట్టలు తీసి దండెం మీద వేసుకున్నాను. మాట మాటే. మా నాన్న దగ్గర దానికి తిరుగుండదు, అది నాకు చిన్నప్పట్నించీ తెలుసు.

మర్నాడు చీకటుండగానే లేచాను. పాత బట్టలు కట్టుకొని, చున్నీ నడుముకి బిగించి వాకిట్లోకొచ్చాను. గంప లేదు. అమ్మ అరుగు మీద కూర్చొని ఆటో వేళకి బయల్దేరడానికి తల దువ్వుకుంటోంది.

"గంపేదమ్మా?"

"మీ నాన ఎత్తుకెల్లిపోనాడు."

"నేను ఓడిపోయాను కదా. నానకి మాటిచ్చాను కదా."

అమ్మ దువ్వెన ఆపలేదు. "ఆ మాట నాకెందుకు సెప్తావు? నిన్న నువ్వొచ్చే ముందే మీ సారుకి ఫోన్ సేసినాడు. పోటీ అయినాక మా రత్నం గుంట కాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకోవాల అనడిగినాడు. వారం అన్నారంట సారు. వారం తరవాత మల్లీ షెడ్డుకి ఎల్లమన్నాడు నిన్ను." అని, జడ చివర ముడి వేసుకొని, గోడ పట్టుకొని మెల్లగా లేచింది. "లోపలికెల్లి పడుకో. నీ కాళ్ళకి సెలవంట."

లోపలికెళ్ళి చాప మీద ఒరిగి, దిండు తడిసేదాకా ఏడ్చి, అలాగే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఎండ కిటికీలోంచి నా పాదాల మీద పడుతోంది. మా ఇంట్లో ఏ ఆడదీ అంతకు ముందు అంత పొద్దెక్కేదాకా పడుకోలేదు.